గోరు విరిగింది: అతకాలా, కోసేయాలా? ఏ చేతికి ఏ పాలిష్ నప్పుతుంది?

తొలేళ్ళ రోజు సాయంత్రం. మర్నాడు మా విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ఇంటినిండా చుట్టాలు, పొయ్యి మీద రెండో కుక్కరు. మూత బిగుసుకుపోతే బొటనవేలితో గట్టిగా నెట్టాను. టక్కుమంది. విరిగింది గోరు. ఊడి చేతికి వచ్చినా బాగుండేది. గులాబీ రంగు భాగం మొదలయ్యే చోట అడ్డంగా, సగం దాకా చీలి ఆగింది. కుచ్చిళ్ళు సర్దుకుంటే చీర పోగు పట్టుకుంటోంది. పిల్లకి జడ వేస్తే వెంట్రుకలు ఇరుక్కుంటున్నాయి.

మా పెద్దమ్మది శ్రీకాకుళం పక్క పల్లె. "ఏటే, గోరు ఇరిగిపోనాదా? కోసీ, గొడవొదిలిపోద్ది" అంది. మా ఆడపడుచు "జెల్ వేసేసుకో వదినా, ల్యాంపు తెచ్చాను" అంది. మా పెద్దమ్మాయి పైన అంటించుకునే ప్రెస్ ఆన్ గోళ్ళ డబ్బా తెచ్చి ముందు పెట్టింది. ఎవరికి వాళ్ళు సరిగ్గానే చెప్పారు. పెద్దమ్మ చేతులు రోజంతా నీళ్ళలో, పేడలో ఉంటాయి. ఆడపడుచు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. మా అమ్మాయికి ఒక్కరోజు ఫొటోల్లో బాగుంటే చాలు.

రంగు చూడకముందు చూసుకోవాల్సినవి

గంటస్తంభం దగ్గర ఫ్యాన్సీ షాపులో నిలబడితే మన కళ్ళకి కనబడేవి రంగు, మెరుపు, రేటు. నేను ఇప్పుడు ముందు అడిగేది మాత్రం ఇది ఎలా ఊడుతుంది అని. గోళ్ళు పాడయ్యేది వేసుకునేటప్పుడు తక్కువ, పీకేటప్పుడు ఎక్కువ. బస్సులో ఊసుపోక, ఒక పక్క లేచిన జెల్‌ని గిల్లుకుంటూ పోతే దాంతోపాటు గోటి పైపొర కూడా వచ్చేస్తుంది. పలచబడ్డ ఆ చోటు బాగుపడదు, కింద నుంచి కొత్త గోరు పెరిగి దాన్ని ముందుకు తోసేయాల్సిందే. చేతి గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మొదలు నుంచి చివరిదాకా మారడానికి 4 నుంచి 6 నెలలు పడుతుంది. కాలి బొటనవేలికైతే ఏడాది, ఏడాదిన్నర.

రెండోది నీళ్ళు. గోరు గట్టిగా కనిపించినా నీళ్ళు పీల్చుకుంటుంది. గిన్నెలు తోమినంతసేపు ఉబ్బుతుంది, చేయి తుడుచుకున్నాక మళ్ళీ ముడుచుకుంటుంది. దానిమీద పాలిష్ పొర అంతగా సాగదు, అందుకే అంచుల దగ్గర లేస్తుంది. రోజుకి ఎన్నిసార్లు చేతులు నానుతాయో లెక్కపెట్టుకుంటే మీ పాలిష్ ఎన్నాళ్ళు ఉంటుందో దాదాపు తెలిసిపోతుంది.

మూడోది గోరు ఉన్న స్థితి. చివర ఉల్లిపొరల్లా లేస్తోందా, నిలువుగా చీలుతోందా, అసలు బాగానే ఉందా? పొరలు లేస్తున్న గోటి మీద ఎంత ఖరీదైనది వేసినా, లేచే పొరతోపాటు అదీ పోతుంది.

ఖర్చుని నేను చివర పెడతాను. పాలిష్ ధరలో తేడా వందల్లోనే ఉంటుంది. పాడైన గోరు బాగవడానికి నెలలు పడుతుంది.

"మధ్యమధ్యలో పాలిష్ తీసేసి గోళ్ళకి ఊపిరి తీసుకోనివ్వాలి" అంటారు. గోరు ఊపిరి తీసుకోదు. దానికి కావాల్సినవన్నీ కింద ఉన్న రక్తం నుంచే అందుతాయి. అయినా అప్పుడప్పుడు తీసేసి చూసుకోవడం మంచిదే, పాలిష్ కింద ఏం జరుగుతోందో తెలుస్తుంది. తెల్ల మచ్చలు కనిపిస్తే కాల్షియం తక్కువైందని కంగారు పడక్కర్లేదు. చాలాసార్లు అవి ఎప్పుడో గోటి మొదట్లో తగిలిన చిన్న దెబ్బల గుర్తులు. చిన్నప్పుడు ఎగిరే కొంగలకి చేతులు చూపించి గోళ్ళకి పువ్వులు పూయమని అడిగేవాళ్ళం. ఆ పువ్వులు ఇవే.

ఒక చూపులో

| రకం | ఎన్నాళ్ళు ఉంటుంది | ఎలా ఊడుతుంది | ఎవరికి కుదురుతుంది |
|---|---|---|---|
| మామూలు పాలిష్ | 3 నుంచి 5 రోజులు, అంట్లు తోమే చేతికి ఇంకా తక్కువ | రిమూవర్‌తో నిమిషంలో | తరచూ రంగు మార్చేవాళ్ళకి, వంట చేసేవాళ్ళకి |
| ల్యాంపు అక్కర్లేని జెల్ ఎఫెక్ట్ | వారం దాకా | మామూలు రిమూవర్‌తోనే | పెళ్ళిళ్ళకి, ప్రయాణాలకి |
| ల్యాంపు జెల్ | 2 వారాలు, ఒక్కోసారి 3 | అసిటోన్‌లో 10–15 నిమిషాలు నానబెట్టి | ఓపిక ఉన్నవాళ్ళకి, గోళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళకి |
| పీల్ ఆఫ్ | ఒకటి రెండు రోజులు | పొరలా ఒలిచేయడమే | చిన్నపిల్లలకి, రంగు ఎలా ఉంటుందో చూడ్డానికి |
| ప్రెస్ ఆన్ | స్టిక్కర్‌తో ఒకరోజు, గమ్‌తో వారం | గోరువెచ్చని సబ్బునీళ్ళు, నూనె | ఒక్క ఫంక్షన్‌కి |

మామూలు పాలిష్

50 నుంచి 150 రూపాయల చిన్న సీసా. లోపల నైట్రోసెల్యులోజ్ అనే పదార్థం, అది కరగడానికి ఇథైల్ అసిటేట్, బ్యూటైల్ అసిటేట్ లాంటి ద్రవాలు. ద్రవం గాలిలోకి పోయాక మిగిలే పొరే మన రంగు. అంటే ఇది కేవలం ఆరుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే దీంతో వచ్చే తిప్పలన్నీ అర్థమవుతాయి. మందంగా వేస్తే పైన ఆరి లోపల తడిగా ఉంటుంది. రాత్రి వేసుకుని పడుకుంటే పొద్దున్నకి దుప్పటి నేత అచ్చు పడుతుంది. వానాకాలంలో గాలి చెమ్మగా ఉన్నప్పుడు మెరుపు తగ్గి పైన పాలమీగడలా మసక కమ్మొచ్చు.

పలచగా రెండు కోట్లు, మధ్యలో మూడు నిమిషాలు. రెండో కోటులో బ్రష్‌ని గోటి చివరి అంచు మీద కూడా ఒకసారి అడ్డంగా లాగండి. పాలిష్ పెచ్చు లేవడం అక్కడే మొదలవుతుంది, ఆ అంచు మూసేస్తే ఇంకో రెండు రోజులు వస్తుంది. సీసాని మందు సీసాలా ఊపకండి, బుడగలు వస్తాయి. రెండు అరచేతుల మధ్య దొర్లించండి. ఫ్యాన్ కింద పెట్టి గబగబా ఆరబెట్టినా బుడగలే. చల్లనీళ్ళలో ముంచితే పైపొర గట్టిపడుతుంది తప్ప లోపల ఆరదు.

ముదురు ఎరుపు, మెరూన్ వేసేముందు కింద బేస్ కోట్ అనే రంగులేని పూత తప్పనిసరి. లేకపోతే గోరు పసుపుపచ్చగా మారి, పెరిగి పోయేదాకా అలాగే ఉంటుంది. లేత రంగులకి ఇంకో సంగతి. తెలుపు, పాలరంగు, లేత గులాబీ వేసుకుని పులిహోర కలిపితే కుడిచేతి గోళ్ళు మాత్రమే పసుపు తేలతాయి. వంటింట్లో ఉండేవాళ్ళు ఇటుకరంగు, నేరేడు, కాఫీ రంగులకి వెళ్ళడం మేలు.

చిక్కబడ్డ సీసాలో రిమూవర్ పోయకండి, ఆ రంగు మళ్ళీ పాలిష్‌లా నిలవదు. నెయిల్ పాలిష్ థిన్నర్ అని విడిగా దొరుకుతుంది, రెండు చుక్కలు చాలు.

ల్యాంపు అక్కర్లేని జెల్ ఎఫెక్ట్

పేరులో జెల్ ఉంటుంది కానీ ఇదీ ఆరే రకమే. రంగు, దానికి జతగా పైన వేసే టాప్ కోట్. రెండూ ఒకే కంపెనీవి వాడితేనే చెప్పిన పనితనం వస్తుంది. ఖర్చు మామూలుదానికి రెండు మూడింతలు. నా మటుకు నాకు డబ్బుకి తగ్గ విలువ ఇందులోనే కనిపిస్తుంది. తీయడం మామూలు రిమూవర్‌తోనే, మెరుపు వారం దాకా.

ల్యాంపు జెల్: ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి

ఇది ఆరదు, వెలుతురుకి గట్టిపడుతుంది. ల్యాంపు నుంచి వచ్చే అతినీలలోహిత కాంతి తగలగానే లోపలి అణువులు ఒకదానికొకటి అల్లుకుని ప్లాస్టిక్ లాంటి పొర అవుతాయి. అందుకే గీతలు పడదు, గిన్నెలు తోమినా నిలబడుతుంది. కింద ఉన్న గోటికి అది కాస్త కట్టులా కూడా పనిచేస్తుంది.

చిక్కు ఏమిటంటే, సరిగ్గా గట్టిపడని జెల్ చర్మానికి తగిలితే అలర్జీ రావచ్చు. గోటి చుట్టూ దురద, ఎర్రదనం, చిన్న పొక్కులు. అందులోని అక్రిలేట్లు ఒకసారి పడకపోతే సాధారణంగా జన్మంతా పడవు. పళ్ళలో నింపే సిమెంటులోనూ ఆ జాతి పదార్థాలే ఉంటాయి కాబట్టి రేపు డెంటిస్ట్ దగ్గర కూడా ఆ మాట చెప్పుకోవాల్సి వస్తుంది. ఇంట్లో వేసుకునేవాళ్ళకి ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే ఎడమచేత్తో కుడిచేతికి వేసేటప్పుడు రంగు పక్కకి పోతుంది. పోతే ల్యాంపులో పెట్టకముందే పుల్లతో తుడిచేయాలి. ఏదో ఒక ల్యాంపు, ఏదో ఒక జెల్ కలిపితే గట్టిపడినట్టు కనిపించినా లోపల పచ్చిగా ఉండిపోవచ్చు. ఒకే కంపెనీ సెట్టు కొనండి, సీసా మీద రాసినంత సేపు ఉంచండి. మధ్యలో కరెంటు పోతే? మా ఆడపడుచు తెచ్చిన ల్యాంపు పవర్ బ్యాంకుకి తగిలించేది. మన ఊళ్ళకి అదే నయం.

కొనేముందు సీసా వెనక టీపీఓ అనే పదార్థం ఉందేమో చూడండి. జెల్ గట్టిపడటానికి వాడే దీన్ని యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబర్ 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది. "టీపీఓ లేదు" అని రాసినవి దొరుకుతున్నాయి, అవే తీసుకోండి. ల్యాంపులో చేయి పెట్టేముందు వేళ్ళ చివరలు కోసేసిన పాత గ్లౌజు తొడుక్కుంటే చర్మానికి చాలావరకు కాంతి తగలదు.

తీయడం పెద్ద పని. మెరిసే పైపొరని గోళ్ళు అరగదీసే ఫైల్‌తో కాస్త గరుకు చేయాలి. అసిటోన్‌లో తడిపిన దూది గోటి మీద పెట్టి అల్యూమినియం ఫాయిల్ చుట్టి, పావుగంట కూర్చోవాలి. తర్వాత పుల్లతో నెమ్మదిగా తోస్తే రావాలి. రాకపోతే ఇంకో ఐదు నిమిషాలు, గీకకూడదు. ఆ పావుగంట కూర్చునే తీరిక మీకు లేదనుకుంటే ఈ రకం జోలికి పోకండి. అసిటోన్ ఆవిరికి మంట ఇట్టే అంటుకుంటుంది. వంటింట్లోనూ, దీపం వెలుగుతున్న పూజగదిలోనూ ఆ సీసా మూత తీయొద్దు.

పీల్ ఆఫ్, ప్రెస్ ఆన్

పీల్ ఆఫ్ గురించి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. నీళ్ళతో చేసిన రకాల్లో వాసన తక్కువ. రెండుసార్లు స్నానం చేస్తే పోతుంది. పిల్లలకి ఇంతకన్నా అక్కర్లేదు.

ప్రెస్ ఆన్‌లో అసలు కిటుకు సైజు. డబ్బాలోని గోరు మన గోటికన్నా వెడల్పుగా ఉంటే చర్మం మీద కూర్చుని నొక్కుతుంది. కాస్త చిన్నదే మేలు. గమ్‌తో అంటించినప్పుడు కింద నీళ్ళు చేరి గోరు ఆకుపచ్చగా మారితే అది సూక్ష్మజీవుల పని, వెంటనే తీసేయాలి. పొడవాటి ప్రెస్ ఆన్‌లతో భోజనం ఎలా చేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మా అమ్మాయి ఆ రోజు పప్పన్నం స్పూనుతో తింది.

గోరింటాకుని ఈ పట్టికలో పెట్టలేదు, ఎందుకంటే దానికి పోటీ లేదు. అందులోని రంగు గోటిలోకే ఇంకిపోతుంది. పెచ్చు లేవదు, రిమూవర్‌కి లొంగదు, గోటితోపాటు పెరిగి చివరికి చేరుతుంది. ఆషాఢంలో పెట్టుకుంటే దసరాకి కూడా గోటి చివర నెలవంకలా మిగిలి ఉంటుంది. దానిమీద లేత రంగులు వేస్తే మాత్రం కింద ఎరుపు కనబడుతుంది.

ఇక విరిగిన గోరు

ముందు ఎక్కడ విరిగిందో చూడాలి. తెల్లటి చివర మాత్రమే విరిగితే పెద్దమ్మ మాటే వేదం, కోసేయండి. పదిహేను రోజుల్లో మిల్లీమీటరున్నర వస్తుంది. మిగతా తొమ్మిదీ కూడా కొంచెం తగ్గిస్తే చేయి వికారంగా ఉండదు. ఫైల్‌ని రంపంలా ముందుకీ వెనక్కీ లాగొద్దు, ఒకవైపే లాగాలి.

చివర పొరలు లేస్తుంటే గమ్‌తో అతికించడం దండగ. పొట్టిగా కోసి, అంట్లు తోమేటప్పుడు రబ్బరు గ్లౌజు వేసుకుని, రాత్రి కొబ్బరినూనె రాసుకోవడమే మందు.

నిలువు చీలిక ఒకే వేలికి పదేపదే వస్తున్నా, గోటి కింద కొత్తగా నల్లటి నిలువు గీత కనిపించినా, గోళ్ళు చెంచాల్లా లోపలికి గుంటపడినా చర్మవ్యాధుల డాక్టర్ని కలవాలి. రక్తం వచ్చినా, గోరు మొదట్లోంచి లేచినా అసలు గమ్ పెట్టకూడదు. కడిగి, శుభ్రమైన గుడ్డ చుట్టి ఆసుపత్రికి వెళ్ళడమే.

మిగిలింది నాకు జరిగిన రకం: అడ్డంగా చీలింది, గులాబీ భాగం దాకా వచ్చింది, రక్తం లేదు. కోస్తే కింది చర్మం బయటపడి మంట. ఇక్కడే అతకాలి. టీ బ్యాగు కాగితం, బేస్ కోట్ ఉంటే చాలు, అయితే అది మూడు నాలుగు రోజులే. అదే కాగితం, గోళ్ళకని అమ్మే నెయిల్ గమ్ కలిస్తే పది రోజుల పైన. సిల్క్ లేదా ఫైబర్ గ్లాస్ పట్టీలు ఇంకా గట్టివి, కానీ మా ఊరి షాపుల్లో నాకు దొరకలేదు, ఆన్‌లైన్‌లో తెప్పించాలి. ల్యాంపు ఉన్నవాళ్ళు బిల్డర్ జెల్ అనే మందపాటి ల్యాంపు జెల్ వేసుకోవచ్చు, తీసేటప్పుడు పైన చెప్పిన తతంగమంతా ఉంటుంది. ప్రెస్ ఆన్ కింద చీలికని దాచేయడం నాకు నచ్చదు. పైన ఉన్నది దేనికైనా తగిలితే కింద చీలిక ఇంకా లోపలికి పోతుంది.

ఫెవిక్విక్ వాడొచ్చా అని అందరూ అడుగుతారు. నెయిల్ గమ్, ఫెవిక్విక్ రెండూ సయానోఅక్రిలేట్ అనే జిగురు జాతివే, కానీ ఫెవిక్విక్ శరీరానికని తయారుచేసింది కాదు కాబట్టి వద్దు. ఏ గమ్ అయినా దూదితో మాత్రం తుడవకండి. దూది తగిలితే ఆ గమ్ ఒక్కసారిగా వేడెక్కి చర్మం కాలుతుంది.

మా ఇంట్లో వాడేది డస్ట్ టీ. ఎప్పుడో రైల్లో ఇచ్చిన టీ బ్యాగు హ్యాండ్‌బ్యాగులో పడి ఉంది. పొడి వంపేసి, కాగితం చీలికకన్నా రెండింతలు ఉండేలా కత్తిరించాను. నైలాన్ వలలా ఉండే బ్యాగులు పనికిరావు, కాగితమే కావాలి. గోరు సబ్బుతో కడిగి, బాగా ఆరనిచ్చి, రిమూవర్‌తో ఒకసారి తుడిచాను. నూనె జిడ్డు ఉంటే ఏదీ అంటుకోదు. చీలిక మీద ఒక్క చుక్క గమ్, దానిమీద ట్వీజర్‌తో కాగితం. అగ్గిపుల్లతో మధ్య నుంచి అంచులకి నొక్కుతూ పోతే కాగితం తడిసి అద్దంలా కనబడకుండా పోయింది. చర్మానికి గమ్ తగలనివ్వలేదు. రెండు నిమిషాల తర్వాత పైన ఇంకో పలచటి పూత. ఆరాక 240 నంబరు బఫర్‌తో అంచులు నునుపు చేసి, వేలికొసతో తడిమి చూశాను. ఎక్కడా గరుకు లేదు. పైన నేరేడు రంగు రెండు కోట్లు.

మీ చెయ్యి ఎలాంటిది?

వీణ నేర్చుకునేవాళ్ళకి నా మొదటి మాట. విజయనగరం సంగీత కళాశాల 1919 నుంచి ఉన్న ఊరిది, పక్కనే బొబ్బిలి వీణలు తయారవుతాయి, కాబట్టి ఈ ప్రశ్న ఇక్కడ తరచూ వస్తుంది. కుడిచేతి చూపుడు, మధ్య వేళ్ళ గోళ్ళతో తీగ మీటుతారు. ఎడమచేతి గోళ్ళు పొట్టిగా ఉండాలి, లేకపోతే మెట్ల మీద తీగ నొక్కలేరు. మీటే గోటికి ప్రెస్ ఆన్ వద్దు, నాదం మారిపోతుంది. మామూలు పాలిష్ తీగ రాపిడికి ఒక్క సాధనలో గీరుకుపోతుంది. గోరు చీలితే గమ్, కాగితం రెండు పొరలు వేసి రంగు వేయకుండా వదిలేయండి. అది బాగయ్యేదాకా వేలికి తీగ తొడిగి మీటడం ఇంకా నయం.

నర్సింగ్ చదివేవాళ్ళకి, ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళకి పొట్టి గోళ్ళు, పాలిష్ లేకుండా. ఆపరేషన్‌కి వెళ్ళే పేషెంట్లు కూడా తీసేసుకోవాలి. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మిషన్‌కి ముదురు రంగులు అడ్డొస్తాయి.

పలాస వైపు జీడిపిక్కల పనిచేసేవాళ్ళకి పాలిష్ కన్నా ముందు గ్లౌజు కావాలి. పెంకులోని నూనె చర్మాన్నే కాల్చేస్తుంది, దాని ముందు ఏ పాలిష్ నిలవదు. పొందూరు ఖద్దరు చీరలు కట్టేవాళ్ళు మాత్రం చీర తీసేముందు గోటి అంచులు ఒకసారి బుగ్గకి రాసి చూసుకోండి. బుగ్గకి గరుకు తగిలితే పోగుకీ తగులుతుంది.

పెళ్ళికూతురికి నా ఓటు జెల్ ఎఫెక్ట్‌కి. తలంబ్రాలు, పసుపునీళ్ళు అన్నీ తట్టుకుంటుంది, పదహారు రోజుల పండగకి రంగు మార్చుకోవాలన్నా నిమిషంలో పని. ల్యాంపు జెలే కావాలంటే కనీసం నెల ముందు ఒక్క వేలికి వేసి, పడుతుందో లేదో చూసుకోవాలి.

నా అతుకు పదకొండో రోజున ఒక పక్క లేచింది. అప్పటికి గోరు మిల్లీమీటరు పైన పెరిగి చీలిక గులాబీ భాగం దాటింది. రిమూవర్‌లో నానబెట్టి కాగితం తీసి, చీలిక దాకా కోసేశాను. పెద్దమ్మకి ఫోన్లో చెప్తే, "మరదేటి, ఆరోజే కోసీమన్నాను కదే" అంది.